శాసనం లేని శిల: తాండూరు నాపరాతి చరిత్ర రచనపై ఒక విమర్శ

పరిశోధన సారాంశం

తెలుగువారి చరిత్ర రచనకు గాని, సాహిత్యానికి గాని రాయి కొత్త వస్తువు కాదు. అయితే అక్షరం చెక్కిన రాయి శాసనంగాను, రూపం చెక్కిన రాయి శిల్పంగాను మన అధ్యయనాల్లోకి వచ్చాయి. అక్షరమూ రూపమూ లేని బండ, దానిని భూమిలోంచి తీసిన మనిషి ఆ అధ్యయనాలకు చాలావరకు వెలుపలే ఉండిపోయారు. నాపరాతి గనుల ఆధారంగా ఎదిగిన తాండూరు పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని, ఈ మినహాయింపు భాషలో, సాహిత్యంలో, చరిత్ర రచనలో, చట్టంలో ఎలా జరిగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి పట్టణాల చరిత్రను రాయడానికి ఏ ఆధారాలను ఎలా చదవవలసి ఉంటుందో చివరలో సూచిస్తుంది.

కీలక పదాలు: తాండూరు, నాపరాయి, షాబాద్ బండలు, స్థానిక చరిత్ర, వడ్డెరలు, శ్రమ, శాసనం, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని చిట్కుల్, దాని ఇరుగుపొరుగు గ్రామాలు ఇప్పుడు పారిశ్రామిక వాడల నడుమ ఉన్నాయి. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో అడుగుపెడితే పాదాలకు మొదట తగిలేది చల్లని నాపరాయి. అరుగు మీద, నట్టింట్లో, వంటగది గట్టు మీద, ఇంటి ముందరి మెట్టుగా అదే రాయి కనిపిస్తుంది. వాటినేమంటారని అడిగితే “షాబాద్ బండలు” అంటారు. ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే “తాండూరు నుంచి” అంటారు.

ఒకే రాయికి సంబంధించిన ఈ రెండు జవాబుల్లో రెండు ఊళ్లున్నాయి. షాబాద్ అంటే ఇప్పటి కర్ణాటకలోని కలబురగి జిల్లాకు చెందిన షాహాబాద్ పట్టణం. తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలోనూ షాబాద్ అనే మండలం ఉండటం వల్ల, ఈ బండలకు పేరు అక్కడినుంచి వచ్చిందని పొరబడే అవకాశం ఉంది. తాండూరు నేడు వికారాబాద్ జిల్లాలోని పట్టణం. తాండూరు గనుల్లో తీసిన రాయి కూడా చాలా ఇళ్లలో పొరుగు పట్టణం పేరుతోనే చలామణి అయింది. రాయి తీసిన మనిషి పేరు నిలవకపోవడం అటుంచి, తీసిన ఊరి పేరైనా దానితో పాటు ప్రయాణం చేయలేదు.

ఈ చిన్న విషయమే ఈ వ్యాసానికి ప్రస్థానబిందువు. ఇంటి నేలగా మారిన రాయికి ఒక ఊరుంది, ఆ ఊరికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఇప్పటివరకు రాయి గుణాల చరిత్రగా, వ్యాపార చరిత్రగా, పరిపాలనా చరిత్రగా నమోదైనంతగా శ్రమ చరిత్రగా నమోదు కాలేదు. దీనికి ఆధారాలు లేకపోవడమే కారణమని సాధారణంగా చెప్పుకుంటాం. ఆధారాలు లేకపోవడం కూడా ఒక చారిత్రక పరిణామమేననీ, దానికి కారణాలను వెదకవచ్చుననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. రాయి, రైలు, సరిహద్దు: తాండూరు నేపథ్యం

తాండూరు ప్రాంతం భూగర్భశాస్త్రజ్ఞులు భీమా శ్రేణి అని పిలిచే అవక్షేప శిలల తూర్పు భాగంలో ఉంది. ఈ శ్రేణిలో అధికభాగం ఉత్తర కర్ణాటకలో విస్తరించి ఉంది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1876లో ప్రచురించిన భూగర్భ సర్వేక్షణ గ్రంథంలో ఈ శిలల వర్ణన ఉంది. ఇక్కడి సున్నపురాయి పొరలు పొరలుగా, దాదాపు సమతలంగా పరచుకొని ఉంటుంది. నీలి ఛాయ, పసుపు ఛాయ గల రకాలు ప్రసిద్ధం. సహజంగానే పలకలుగా విడివడడం ఈ రాయి ప్రత్యేకత. గ్రానైటును పగలగొట్టాలి, నాపరాతిని విడదీయాలి. ఈ తేడా వల్ల ఇక్కడి పనికి పేలుడు పదార్థాల కంటే చేతి ఒడుపు, కంటి అంచనా ముఖ్యమయ్యాయి.

పై మట్టిని తొలగించడంతో పని మొదలవుతుంది. రాతి పొర బయటపడ్డాక కొలత ప్రకారం గీత గీసి, ఉలితో గాడి పెట్టి, సందులో గడ్డపార దూర్చి పలకను పైకి లేపుతారు. తర్వాతి కాలంలో గని నేల మీదనే రాతిని కోసే యంత్రాలు, పట్టణంలో పాలిషింగ్ యూనిట్లు వచ్చాయి. యంత్రం గాడి పెట్టే పనిని తీసుకుంది. పొర ఎక్కడ విడివడుతుందో, ఏ పలక మధ్యలో చీలుతుందో గుర్తించే పని మనిషిదిగానే మిగిలింది.

బరువైన, చవకైన సరుకు దూరం వెళ్లాలంటే రవాణా ఉండాలి. నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరు ఈ మార్గం మీదనే ఉంది. రాయి అంతకు ముందు లేదని కాదు. భీమా ఉపనది కాగ్నా ఒడ్డునే ఉన్న మాల్ఖేడ్, అంటే రాష్ట్రకూటుల మాన్యఖేటం, కోట గోడల్లో ఈ జాతి సున్నపురాయే కనిపిస్తుంది. రైలుకు ముందు ఈ రాయి ప్రధానంగా దగ్గరి కట్టడాలకు చెందింది. రైలు వచ్చాక దూరపు మార్కెట్టుకు చేరగలిగింది. పట్టణ చరిత్రలో దీనిని ఒక మలుపుగా గుర్తించాలి.

మరో మలుపు 1956. అప్పటివరకు తాండూరు తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం దానిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. గుల్బర్గా జిల్లాలోని అధికభాగం, షాహాబాద్‌తో సహా, మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. భాష ప్రాతిపదికగా గీసిన సరిహద్దు నేల కింద ఒకటిగా ఉన్న రాతి పొరను రెండు రాష్ట్రాలకు పంచింది. ఆ తర్వాత తాండూరు హైదరాబాద్ జిల్లాలో, 1978 నుంచి రంగారెడ్డి జిల్లాలో, 2016 నుంచి వికారాబాద్ జిల్లాలో భాగమైంది. పరిశోధకునికి దీని ఫలితం స్పష్టం. ఒకే పట్టణానికి చెందిన కాగితాలను ఉర్దూ, కన్నడ, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో, కనీసం నాలుగు జిల్లాల పేర్ల కింద వెదకవలసి ఉంటుంది. జిల్లాను ప్రమాణంగా తీసుకొని రాసే స్థానిక చరిత్రల్లో తాండూరు ఎప్పుడూ అంచునే ఉండిపోవడానికి ఇదొక కారణం.

తాండూరు రాతి మీదనే నిలిచిన ఊరని చెప్పడం కూడా సగం సత్యమే. ఇక్కడి కంది పంటకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సమీపంలోని కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం ఉంది. కంది, బండ, సిమెంటు అనే మూడింటికీ ఆధారం ఒకే నేల. పై మట్టిని తొలగించకుండా బండ రాదు. మట్టి తొలగిన చోట కంది పండదు. కాబట్టి ఈ పట్టణ చరిత్రలో సాగుకూ తవ్వకానికీ మధ్య జరిగిన ఎంపిక ఉంది. ఆ ఎంపిక చేసే శక్తి భూమి ఉన్నవారికి ఉండేది, కూలికి వచ్చినవారికి లేదు.

3. శిల, బండ: భాషలోని అంతరం

చరిత్ర రచనకంటే ముందే భాష ఒక తీర్పు ఇచ్చింది. తెలుగులో శిల అనగానే శిల్పం గుర్తుకు వస్తుంది. ఈ రెండు సంస్కృత పదాల వ్యుత్పత్తి ఒకటేనని చెప్పలేకపోయినా, మన వాడుక వాటిని ఒక్కచోట చేర్చింది. శిల అంటే రూపం దాల్చడానికి సిద్ధంగా ఉన్న రాయి. బండ అలా కాదు. బండబుద్ధి, మొండిబండ, బండబారడం, బండబూతు వంటి ప్రయోగాలన్నీ చలనం, సున్నితత్వం, సంస్కారం లేకపోవడాన్ని సూచిస్తాయి. రాయిలో ఉన్న ఉపయోగం మాటలోకి అవగుణంగా ప్రవేశించింది.

అయితే ఈ తీర్పు మొత్తం తెలుగు సమాజానిది కాదు. అరుగుబండ, చాకిరేవు బండ, వాకిట్లో కాళ్లు కడుక్కునే బండ అన్నప్పుడు ఆ మాటలో తిరస్కారం లేదు, నిత్యజీవిత పరిచయం ఉంది. బండను నిందార్థంలో వాడే నుడికారం దానిని కూర్చునే చోటుగా, పనిచేసే చోటుగా ఎరిగిన వాడుకను పూర్తిగా తుడిచివేయలేకపోయింది. ఈ రెండో వాడుకే మన పరిశోధనకు పనికొచ్చేది.

వృత్తి పదజాల సేకరణలో తెలుగువారికి ఘనమైన సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. తర్వాతి సంపుటాలు చేనేత, గృహనిర్మాణం వంటి రంగాలకు విస్తరించాయి. ఆ పద్ధతిని నాపరాతి పనికి కూడా వర్తింపజేయాలి. పొర మందాన్ని, రంగు తేడాను, పగులు దిశను, పనికిరాని ముక్కను, రోజు కూలీని, ముఠా లెక్కను సూచించే మాటలు కేవలం పారిభాషిక పదాలు కావు. గీత గీయకముందే రాతిని చదవగలిగిన జ్ఞానం వాటిలో ఉంది. తాండూరు ప్రాంతంలో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ కలగలిసి ఉండటం వల్ల ఆ పదజాలం భాషాశాస్త్రానికీ విలువైనదే. ఒక పరికరానికి ఏ భాషలో పేరుందో చూస్తే ఆ పరికరం, ఆ పని నేర్పిన మనుషులు ఎటునుంచి వచ్చారో ఊహించడానికి ఒక దారి దొరుకుతుంది.

4. సాహిత్యంలో రాయి: శిల్పి వెలుగు, గని నీడ

ఆధునిక తెలుగు సాహిత్యంలో రాతిపనికి గౌరవం దక్కలేదని అనలేం. జాషువ ‘శిల్పి’ ఖండిక రాతికి జీవం పోసే చేతిని కీర్తించింది. సి. నారాయణరెడ్డి ‘రామప్ప’ రూపకం కాకతీయ శిల్పకళను కావ్యవస్తువు చేసింది. 1964లో వచ్చిన ‘అమరశిల్పి జక్కన’ చిత్రం శిల్పిని కథానాయకుణ్ణి చేసింది. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన పాలంపేట దేవాలయం శిల్పి పేరుతోనే రామప్ప గుడిగా ప్రసిద్ధమైందని జనశ్రుతి. రాజును కాదని చేతిపనివాని పేరును నిలుపుకున్న ఆ జనశ్రుతి తెలుగు సమాజపు సంస్కారానికి నిదర్శనమే.

కాని ఈ గౌరవానికి ఒక షరతుంది. రాయి బొమ్మ కావాలి, శ్రమ కళ కావాలి. శిల్పి చేతికి రాయి అందకముందు దానిని కొండలోంచి తీసినవాడు, బండి మీదికి ఎత్తినవాడు ఈ గౌరవంలో భాగస్వాములు కాలేదు. శిల్పిని కీర్తించడం దోషమని ఇక్కడి వాదం కాదు. శిల్పి కీర్తి వెనుక పని విభజన కనుమరుగైందని చెప్పడమే ఉద్దేశం. నాపరాతి విషయంలో ఈ సమస్య మరింత తీవ్రం. ఈ రాయికి శిల్పి లేడు. గని నుంచి అది నేరుగా నేలకు వెళుతుంది. కీర్తించదగిన రూపం లేనప్పుడు మన సౌందర్య దృష్టికి ఆనుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ దృష్టిని తలకిందులు చేసిన రచన శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’. రాజుల వరుసలే చరిత్ర కాదని, మహాకట్టడాల వెనుక కూలీల ఉనికిని అడగాలని ఆ కవిత తెలుగు పాఠకునికి నేర్పింది. 1930ల దశకంలోనే జర్మన్ కవి బెర్టోల్ట్ బ్రెహ్ట్ చదువుకున్న కార్మికుని నోట ఇటువంటి ప్రశ్నలనే పలికించాడు. ఆ దశాబ్దపు ఆలోచనలో చరిత్రకు కర్త ఎవరన్న ప్రశ్న అంతర్జాతీయంగా వినిపించింది. తెలుగులో శ్రమ చరిత్రను అధ్యయనం చేసే ఎవరైనా ఈ కవితకు ఋణపడి ఉంటారు.

అయినా గౌరవంతోనే ఒక పరిమితిని గుర్తించాలి. ఆ ప్రశ్న విప్లవాత్మకమైనదే, కాని దానిని అడిగిన చోటు రాజకట్టడం. తాజ్‌మహల్ ముందు నిలబడి కూలీ పేరు అడగడం మనకు అలవాటైంది. మన ఇంటి నట్టింట్లో నిలబడి ఆ ప్రశ్న అడగడం అలవాటు కాలేదు. స్మారకం గొప్పది కావడం వల్లనే కూలీ గుర్తుకొచ్చాడు. స్మారకం లేని చోట శ్రమ కూడా గుర్తుకు రాదు. తాండూరు బండ మీద నడిచే ప్రతి ఇల్లూ ఆ ప్రశ్నకు అర్హమైన స్థలమే. శ్రీశ్రీ ప్రశ్నను కొనసాగించడం అంటే దానిని మళ్లీ మళ్లీ ఉటంకించడం కాదు. అది ఇంకా అడగని చోట్లకు తీసుకుపోవడం.

రాతిపని నేపథ్యంగా కథలు, పాటలు తెలుగులో లేకపోలేదు. అయితే వాటిలో చాలా చోట్ల రాయి కష్టానికి ప్రతీకగా నిలుస్తుంది. ఎండ, చెమట, గాయం కనిపిస్తాయి. పొరను గుర్తించే నేర్పు, బేరం, తగాదా, ముఠా నియమం, పండుగ, వలస దారి అంతగా కనిపించవు. కష్టాన్ని మాత్రమే చూపే రచన సానుభూతిని కలిగిస్తుంది, జ్ఞానాన్ని గుర్తించదు. కార్మికుణ్ణి బాధితునిగా మాత్రమే చిత్రించడం కూడా అతని చరిత్రను కుదించడమే.

5. చరిత్ర రచన: అక్షరమున్న రాయి

తెలంగాణ చరిత్ర రచనలో రాయికి అగ్రస్థానం ఉంది. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రకటించిన ‘తెలంగాణా శాసనములు’ అందుకు గొప్ప ఉదాహరణ. పాలకుల ప్రోత్సాహం లేని కాలంలో ఊరూరా తిరిగి శాసనాలను సేకరించినవారి కృషి వల్లనే తెలంగాణకు తెలుగు చరిత్ర ఉందన్న విషయం స్థిరపడింది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మరో అడుగు ముందుకు వేసి, కావ్యాల్లోంచి సామాన్యుల తిండి, బట్ట, ఆట, నమ్మకం వెలికి తీసింది.

ఈ రెండు మార్గాలూ లిఖిత వాక్యం మీద ఆధారపడ్డాయి. శాసన పరిశోధకునికి రాయి అక్షరాన్ని మోసే ఫలకం. కావ్యంలో వర్ణనకు రాని వృత్తి సాంఘిక చరిత్రకారునికి అందడం కష్టం. కనుక అక్షరం లేని రాయి, వర్ణన లేని వృత్తి రెండు జల్లెడల్లోంచీ జారిపోయాయి. ఇది ఆ మహనీయుల లోపం కాదు, వారి ముందున్న పని వేరు. లోపం ఏమిటంటే, ఆ తర్వాత వచ్చిన మనం ఆ జల్లెడలనే ఏకైక సాధనాలుగా భావించడం.

తాండూరు ఉన్న రాతి శ్రేణిలోనే భీమా ఒడ్డున సన్నతి ఉంది. ఈ శ్రేణి సున్నపురాతి పలకలు అక్కడి బౌద్ధ స్తూపాన్ని అలంకరించాయి. 1986లో అక్కడి కాళికాలయం పైకప్పు కూలినప్పుడు, అమ్మవారి విగ్రహానికి పీఠంగా ఉన్న రాయి మీద అశోకుని శాసనం బయటపడింది. పీఠానికి అనువుగా రాతికి తొలిచిన రంధ్రం వల్ల కొన్ని అక్షరాలు పోయాయి. శాసన పరిశోధకులకు అది నష్టం, ఆ బాధ న్యాయమైనదే. కాని ఆ రంధ్రం తొలిచిన మనిషి కూడా ఆ రాతి చరిత్రలో భాగమే. అతనికి ఆ లిపి చదవడం రాకపోవచ్చు. రాయి బలాన్ని, మందాన్ని, బరువును అంచనా వేయడం మాత్రం వచ్చు. ఒకే ఫలకం మీద రెండు పనులు నమోదయ్యాయి. మన గ్రంథాలు మొదటి పనికి పాఠాన్నీ, కాలాన్నీ, వ్యాఖ్యానాన్నీ ఇచ్చాయి. రెండో పనిని విధ్వంసం అనే ఒక్క మాటతో ముగించాయి.

పేరు పెట్టడంలోనూ ఇదే పక్షపాతం కనిపిస్తుంది. అమరావతి స్తూప శిల్పాలు పలనాటి సున్నపురాతివి. లండన్ చేరిన ఆ శిల్పాలను బ్రిటిష్‌వారు చాలాకాలం పాలరాళ్లని వ్యవహరించారు. పలనాటి సున్నపురాయే ఇంటి నేలకు వచ్చినప్పుడు మాచర్ల బండ అయింది. బొమ్మ కాగానే రాతికి లేని కులీనత అంటగట్టి, నేల కాగానే ఉన్న ఊరిపేరుతో సరిపెట్టారు. భూగర్భశాస్త్రానికి రెండూ సున్నపురాళ్లే.

రాతిపనివారి గురించి ప్రత్యేకంగా రాసిన తొలి ఆధునిక గ్రంథాల్లో వలస పాలనాకాలపు కులవర్ణనలు ముఖ్యమైనవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాలు ఒడ్డెలను రాతిపని చేసేవారు, మట్టిపని చేసేవారు అని విభజించి వర్ణించాయి. నిజాం రాజ్యానికి సంబంధించి సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో ఇటువంటి గ్రంథాన్నే వెలువరించాడు. ఇవి ఆధారాలుగా విలువైనవే. అయితే వీటిలో వివాహ విధి, దైవం, ఆహార నియమం వివరంగా ఉంటాయి. కూలి రేటు, పని గంటలు, గుత్తేదారుతో ఒప్పందం, ప్రమాదం వంటివి అరుదు. రాతిపనివాడు ఇక్కడ కులానికి నమూనాగా కనిపిస్తాడే తప్ప ఒక పట్టణాన్ని నిర్మించిన కార్మికునిగా కనిపించడు. ఈ గ్రంథాలను ఆధారంగా తీసుకొని రాతిపని అంటే వడ్డెరలదేనని తేల్చడం కూడా ప్రమాదమే. గనిలో మట్టి ఎత్తినవారు, లారీ నింపినవారు, పాలిషింగ్ యూనిట్‌లో తడి నేల మీద నిలబడి పనిచేసినవారు ఏ ఒక్క కులానికో చెందినవారని ముందే నిర్ణయించుకోకూడదు.

6. చట్టం లెక్కించినది, లెక్కించనిది

సాహిత్యం, చరిత్ర వదిలిపెట్టిన పేర్లు ప్రభుత్వ దస్త్రాల్లోనైనా ఉంటాయని ఆశిస్తాం. ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది.

1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టం భవన నిర్మాణ రాళ్లను చిన్న ఖనిజాల వర్గంలో చేర్చి, వాటిపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1966లో చిన్న ఖనిజాల రాయితీ నియమావళిని చేసింది. నాపరాతి పలక ఈ పాలన కిందికి వచ్చింది. అదే సున్నపురాయి సిమెంటు కర్మాగారానికి వెళితే ప్రధాన ఖనిజం. అంటే ఒకే పొర వాడుకను బట్టి చిన్నదో పెద్దదో అయింది. చిన్న ఖనిజం దస్త్రాల్లో ప్రధానంగా ఉండేవి లీజు విస్తీర్ణం, రాతి పరిమాణం, సీనరేజి, పర్మిట్. ఎంత రాయి వెళ్లిందో అవి చెబుతాయి, ఎవరు తీశారో చెప్పవు.

కార్మికుల నమోదును కోరవలసింది 1952 నాటి గనుల చట్టం. ఆ చట్టంలోని 3వ సెక్షన్ కొన్ని గనులకు మినహాయింపునిచ్చింది. భవన నిర్మాణ రాయి, పలకరాయి, సున్నపురాయి వంటివి తీసే ఉపరితల గని లోతు 6 మీటర్లకు మించకుండా, ఏ రోజూ 50 మందికి మించి పనివారు లేకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉన్నట్లయితే, తనిఖీ అధికారాలు, పిల్లల, మహిళల నియామకంపై ఆంక్షలు వంటి కొన్ని సెక్షన్లు తప్ప చట్టంలోని మిగిలిన నిబంధనలు దానికి వర్తించలేదు. పనివారి పట్టికను నిర్వహించాలన్న నిబంధన కూడా ఆ వర్తించనివాటిలో ఒకటి.

ఈ మూడు షరతులను నాపరాతి పని స్వభావంతో పోల్చి చూడాలి. రాయి పైపొరల్లోనే దొరుకుతుంది. చిన్న ముఠాలు పనిచేస్తాయి. పలక పగలకుండా రావాలంటే పేలుడు పనికిరాదు. అంటే రాతిని విడదీసే ఒడుపైన పనితీరే చిన్న గనిని పట్టిక అవసరం లేని గనిగా మార్చగలిగింది. లోతైన గనులు, పెద్ద గనులు చట్టం పరిధిలోకి వచ్చి ఉంటాయి. కాని చిన్న చిన్న గనులుగా చీలి ఉన్న పరిశ్రమలో పేర్లు రాయనవసరం లేని చోట్లు ఉండటానికి చట్టమే వీలు కల్పించింది. కూలీలెవరన్న కవి ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి కాలం మాత్రమే కారణం కాదు. వారి పేర్లు రాయనక్కరలేదని గణతంత్ర భారతంలో ఒక చట్టంలోని సెక్షన్ అనుమతించింది.

దీని పర్యవసానం పరిశోధనకే పరిమితం కాదు. గనిలో పనిచేసినట్లు కాగితం లేని మనిషి గాయపడినప్పుడు పరిహారం అడగడానికి, ముసలితనంలో ఏదైనా పథకానికి అర్హత నిరూపించుకోవడానికి సాక్ష్యం ఏమిటి? చరిత్రలో పేరు లేకపోవడం, బతికున్నప్పుడు హక్కు లేకపోవడం ఇక్కడ ఒకే మూలం నుంచి వచ్చాయి.

7. చదవవలసిన ఆధారాలు

పట్టిక లేనంత మాత్రాన చరిత్ర రాయలేమని కాదు. ఆధారం అనే మాటను విస్తరించుకోవాలి.

మొదటిది గని. పాడుబడిన గుంత గోడల మీద పొరల మందం, ఉలి గాట్లు, యంత్రపు కోత గీతలు ఉంటాయి. చేతిపని ఎక్కడ ఆగి యంత్రం ఎక్కడ మొదలైందో కొన్ని గోడల మీద చూడవచ్చు. గట్టున పోసిన వ్యర్థపు రాతి గుట్ట కూడా ఒక దస్త్రమే. ఏ కాలంలో ఏ పరిమాణపు ముక్క పనికిరానిదిగా పరిగణించారో, అంటే మార్కెట్టు ఏమి కోరిందో, అది చెబుతుంది. గుంతలను నీళ్లు నింపుతున్నాయి, వ్యర్థంతో పూడుస్తున్నారు. ఈ ఆధారం ఎల్లకాలం ఉండదు.

రెండోది ఇల్లు. చిట్కుల్ వంటి ఊళ్లలో పాత ఇల్లు విప్పి సిరామిక్ టైల్స్‌తో కొత్తది కట్టుకుంటున్నప్పుడు బండలు పెరట్లోకో, పశువుల కొట్టంలోకో పోతాయి. బండ కొలత, అంచు నరికిన తీరు, వెనుక వైపు గీసిన గుర్తులు నమోదు చేయాలి. ఇల్లు కట్టిన సంవత్సరం ఇంటివారికి తెలిసే అవకాశం ఉన్నందున బండకు కాలం నిర్ణయించడం కష్టం కాదు. గని లేని ఊళ్లలోనూ గని చరిత్రను ఇలా సేకరించవచ్చు. పటాన్‌చెరు ప్రాంతపు కళాశాలల విద్యార్థులు తమ ఇళ్ల నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు.

మూడోది మౌఖిక కథనం. ఇక్కడ జాగ్రత్త అవసరం. “మీ కష్టాలు చెప్పండి” అని అడిగితే కష్టాలే వస్తాయి. “మంచి రాయిని ఎలా గుర్తుపడతారు, ఎవరు నేర్పారు, ముఠాలో ఎవరి వంతు ఎంత, ఆడవారి పనికి లెక్క ఎలా కట్టేవారు” అని అడిగితే జ్ఞానమూ, సంబంధాలూ, అసమానతలూ బయటికి వస్తాయి. చెప్పినవారి అనుమతితో వారి పేర్లను వారు కోరిన రీతిలోనే నమోదు చేయాలి. పేరు లేనివారికి పేరు ఇస్తున్నామన్న ఉత్సాహంలో వారి ఇష్టాన్ని మరవకూడదు.

నాలుగోది కాగితం. లీజు దస్త్రాలు, భూమి రికార్డులు, రైల్వే సరుకు రవాణా వివరాలు, వ్యాపారుల ఖాతా పుస్తకాలు కార్మికుల గురించి నేరుగా చెప్పకపోవచ్చు. ఖాతాలో కూలి పద్దు, బయానా పద్దు, పండుగ అడ్వాన్సు ఉంటే వాటి వెనుక మనుషులున్నారు. గుల్బర్గా కాలపు కాగితాలను కన్నడ, ఉర్దూ తెలిసిన పరిశోధకులతో కలిసి చదవాలి. తాండూరు చరిత్రను ఒక్క తెలుగులోనే రాయగలమనుకోవడం 1956 సరిహద్దును వెనక్కి జరిపి గతానికి అంటగట్టడమే.

8. ముగింపు

తాండూరు నాపరాతి చరిత్రలో కార్మికుడు లేకపోవడం ఒక్క రంగపు పొరపాటు కాదు. భాష బండను అవగుణానికి ఉపమానం చేసింది. సాహిత్యం శిల్పాన్ని చూసి శిల్పిని గౌరవించింది. చరిత్ర రచన అక్షరాన్ని వెదికింది. చట్టం రాతిని కొలిచి మనిషిని వదిలేసింది. ఒక్కొక్కటీ తనకు తోచిన కారణంతో చేసిన ఈ పనులన్నీ కలిసి ఒకే ఖాళీని సృష్టించాయి. శ్రమను గురించి అందరికంటే సూటిగా ప్రశ్నించిన అభ్యుదయ కవిత కూడా మహాకట్టడం ముందు ఆగిపోవడం ఆ ఖాళీ ఎంత లోతైనదో సూచిస్తుంది.

ఇదంతా గని జీవితాన్ని ఆదర్శంగా చూపడానికి కాదు. తవ్విన పొలం తిరిగి పొలం కాలేకపోవడం, పాలిషింగ్ వ్యర్థం, దుమ్ము, పూడ్చని గుంతలు ఈ పట్టణ చరిత్రలో భాగాలే. వాటిని కూడా రాయగలిగేది ఆ గుంతలో నిలబడినవారి మాట విన్న చరిత్రకారుడే. బేతంచెర్ల, మాచర్ల వంటి రాతి పట్టణాలకూ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. ఒక్కో ఊరి జవాబు వేరుగా ఉండవచ్చు.

చేతి ఉలితో గాడి పెట్టిన తరం వయసు మీద పడుతోంది. వారి ఇళ్లకు వెళ్లడానికి శాసన పరిశోధకుల తరం ఊరూరా నడిచిన ఓపికే కావాలి. ఆ తరం అక్షరాల కోసం రాళ్ల దగ్గరికి వెళ్లింది. మనం వెళ్లవలసింది అక్షరం లేని రాయి దగ్గరికి, దానిని చదవడం తెలిసిన మనిషి దగ్గరికి.